చేతి గొడ్డలి కామ: అరచెయ్యి బొబ్బలెక్కకుండా ఎలా చెక్కుకోవాలి?

కొత్తపేట_కుర్రోడు:

అందరికీ నమస్కారమండి. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమనుకోకండి.

మాది కొత్తపేట పక్క పల్లెటూరు. ఎకరంన్నర కొబ్బరితోట, మధ్యలో కోకో. నాది కంప్యూటర్ ఉద్యోగం, ఇంటి దగ్గర్నుంచే చేస్తున్నా కాబట్టి పొద్దున్నే ఒక గంట తోటలో పడతా. నాన్న వాడిన చిన్న గొడ్డలి ఒకటుంది, ఒంటిచేత్తో కొట్టేది. తల మాత్రం బంగారం, లారీ కమాను పట్టీ కాల్చి మా ఊరి కమ్మరి ఎప్పుడో కొట్టిచ్చాడంట, ఇప్పటికీ ఒకసారి సానపడితే నెల్లాళ్ళు చూసుకోనక్కర్లేదు. పాత కామ, అదే గొడ్డలి కర్ర, పోయినేడు విరిగిపోయింది. టౌన్లో హార్డ్‌వేర్ షాపుకెళ్ళి రెడీమేడ్ కామ ఒకటి తెచ్చి బిగించా. అప్పట్నుంచి మొదలయ్యాయండి నా కష్టాలు.

ఆ కామ గుండ్రంగా రోకలిబండలా ఉంది, పైన వార్నిష్ కొట్టి అద్దంలా మెరుస్తోంది. పది నిమిషాలు మట్టలు కొట్టేసరికి చెయ్యి చెమటపట్టి జారుతుంది, జారుతుందని గట్టిగా పట్టుకుంటే బొటనవేలి కింద బొబ్బ. మధ్యాహ్నం మౌస్ పట్టుకుంటే మంట. పైగా గొడ్డలి చేతిలో తిరిగిపోతోంది, అంటే నేను నిటారుగా వేశాననుకుంటా, అది పక్కవాటుగా దిగుతుంది. మొన్న రోహిణీకార్తె ఎండలకి తల కూడా లూజయ్యి గలగలలాడింది, ఎగిరి ఎవరికి తగులుతుందోనని భయమేసి పక్కన పడేశా.

అటకమీద నల్లతుమ్మ చేవ ముక్క ఒకటుంది, తొంభయ్యారు తుఫానులో పడిన చెట్టుదట, నాన్న దాచాడు. రెండు మూరల పొడుగుంటుంది. దాంతో నేనే చెక్కుకుందామని. ఎంత లావుండాలి, ఏ షేపులో ఉండాలి, దేంతో నున్నగా చెయ్యాలి, పైన ఏం రాయాలి? నా దగ్గర ఒక రంపం, చెక్కడానికి బాడిస, అరగదియ్యడానికి ఆకురాయి ఉన్నాయి. వడ్రంగం అస్సలు రాదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

అటకమీద_పిల్లి:

సైకిల్ ట్యూబు చుట్టెయ్ బ్రో, పది రూపాయల్లో పనైపోద్ది 😀

కొత్తపేట_కుర్రోడు:

చుట్టా అన్నా. ఇంకా లావైపోయింది, ట్యూబులోపల చెమటకి చెయ్యి ఉడికిపోయింది.

పాలకొల్లు_వడ్రంగం:

బాబూ, నేను ముప్పయ్యేళ్ళు మంచాలు, గుమ్మాలు, దూలాలు చేసి ఇప్పుడు కళ్ళు సరిగా ఆనక మానేశాను. మా అబ్బాయి ఫోన్లో నేను చెప్తుంటే టైపు చేస్తన్నాడు కాబట్టి పొడుగైతే విసుక్కోకు.

నీకు బొబ్బలు వచ్చేది వార్నిష్ వల్ల సగం, లావు వల్ల సగం. షాపు కామలు లావుగా ఎందుకుంటాయంటే మిషను మీద గుండ్రంగా తిప్పేస్తే తొందరగా అయిపోద్ది, లావుగా ఉంటే విరిగిందని కంప్లయింటు రాదు, ఎవరి చేతికి సరిపోయిందీ అన్నది వాళ్ళకి అక్కర్లేదు. కామ చేతికి లావైతే వేళ్ళు పూర్తిగా మూసుకోవు, మూసుకోకపోతే పట్టు కోసం కండతో నొక్కుతావు, నొక్కితే నలుగుద్ది, అంతే. నువ్వు ట్యూబు చుట్టి ఇంకా లావు చేశావు.

కొలత నీ చేతిలోనే ఉంది. కామని పిడికిట్లో పట్టుకుంటే నీ మధ్యవేలి కొస బొటనవేలి మొదట్లో ఉన్న కండకి అందీ అందనట్టు ఉండాలి. గోరు కండలో గుచ్చుకుందంటే మరీ సన్నం, బొటనవేలు వెడల్పు ఖాళీ ఉందంటే లావు. మామూలు మగాడి చేతికి అడ్డంగా అంగుళంపావు, మందం ముప్పావుకి ఓ పిసరు ఎక్కువ వస్తుంది. ఈ రెండు కొలతలూ వేరువేరుగా ఉండాలన్నది గుర్తుపెట్టుకో, గుండ్రంగా ఉండకూడదు. కోడిగుడ్డుని పొడుగునా కోస్తే వచ్చే ఆకారం ఉందే, అలా. గుడ్డు లావువైపు వెనక, అంటే అరచెయ్యి ఆనేవైపు, సన్నంవైపు ముందు వేళ్ళు మడిచేవైపు. అప్పుడు కళ్ళు మూసుకుని పట్టుకున్నా పదును ఎటుందో నీ చేతికే తెలుస్తుంది, గొడ్డలి చేతిలో తిరగదు. నీ దెబ్బ పక్కవాటుగా పడ్డానికి కారణం ఇదే, గుండ్రటి కర్రకి ఎటు తిప్పినా ఒకటే కదా.

పొడుగు ఒంటిచేతి గొడ్డలికి తల కిందనుంచి జానెడున్నర, రెండు జానలకి మించొద్దు. కింద కొస దగ్గర కాస్త బలుపు ఉంచు, మడమలాగా, చిటికెనవేలు దానికి ఆనుకుని ఉంటే చెమట పట్టినా గొడ్డలి జారిపోదు, గట్టిగా పిసకక్కర్లేదు. చాలామంది మర్చిపోయేది ఇంకోటి చెప్తా, తలకి నాలుగు వేళ్ళు కిందనుంచి నడిమిదాకా కామ పక్కల్ని కాస్త సన్నం చెయ్యాలి. అక్కడ లావుంటే దెబ్బ అదురు మొత్తం నీ మోచేతికి వచ్చేస్తుంది, సన్నంగా ఉంటే కర్ర కాస్త ఊగి అదురు తను తినేస్తుంది. తల దగ్గర మాత్రం తగ్గించకు, తప్పుదెబ్బ పడేది అక్కడే.

మిగతాది రేపు చెప్తా, మావాడికి డ్యూటీ టైమైంది.

గోదారిగట్టు:

వడ్రంగం బాబాయ్ గారూ 🙏 మా ఆఫీసులో కుర్చీ కొనడానికి ఇంత ఆలోచించలేదండి.

ఏజెన్సీ_గాలి:

నేను రంపచోడవరం వైపు. కర్ర గురించి నేను చెప్తా.

నల్లతుమ్మ చేవ మంచిదే, బరువే గానీ విరగదు, బండిచక్రాలకి అదే వాడేవాళ్ళు కదా. మా దగ్గరైతే గొడ్డలి కామంటే తడ కర్ర. మైదానంలో మీకు పెద్దగా తెలీదేమో, హిందీవాళ్ళు ధామన్ అంటారు. తేలిగ్గా ఉంటది, వంచితే వంగి మళ్ళీ లేస్తది. తడ దొరికితే ఇంకోటి చూడక్కర్లేదు, కాకపోతే అడవిలో కర్ర ఊరికే కొట్టుకురావడం కుదరదు, ఇబ్బందిలో పడతావు, ఎవరైనా పెంచుకున్న చెట్టయితే సరే.

మీ డెల్టాలో అయితే తుమ్మ తర్వాత గంగరావి చూడు, కాలవగట్ల మీద ఉంటది, పోగు మెలికపడి ఉంటది కాబట్టి చీలదు, చెక్కడం మాత్రం కష్టం. చింత గట్టిదే గానీ బరువు. టేకు వద్దు. టేకంటే అందరికీ మోజు, గుమ్మానికీ బీరువాకీ దాన్ని మించింది లేదు, కానీ దెబ్బకి తట్టుకోదు, పుటుక్కుమంటది. సరుగుడు సముద్రం ఒడ్డున మీకు బోలెడు, పచ్చిగా ఉన్నప్పుడు బానే ఉంటది, ఎండాక నెర్రెలిచ్చేస్తది. జామాయిల్ పార కామలకి వేస్తారు గానీ మెలితిరుగుద్ది. కొబ్బరి మాను గురించి అడగొద్దు, అది కర్ర కాదు, పీచు కట్ట.

ఇంకో విషయం. తెల్లచెక్క, అంటే చేవ చుట్టూ ఉండే లేత చెక్క, కొంచెం కూడా ఉంచకు అంటారు మనోళ్ళు, తుమ్మకి అది నిజం ఎందుకంటే పురుగు తినేది తెల్లచెక్కనే. అందుకే పూర్వం తుమ్మ మొద్దుల్ని చెరువులో నెలల తరబడి నానేసేవాళ్ళు, లోపలి పిండి నీళ్ళలో పోతే పురుగు జోలికి రాదు. నీ ముక్క ఇన్నేళ్ళు అటకమీద ఉంది కాబట్టి పుచ్చు ఉంటే ఈపాటికి బయటపడేది. బెజ్జాలు, పిండి రాలడం ఉందేమో చూసుకో.

లంక_బాబాయ్:

మా వైపు కామ అనరు, గొడ్డలి కర్రే అంటారు. అది పక్కన పెట్టు. తల లూజయిందని అంత హైరానా ఎందుకయ్యా, రాత్రి కాలవలో పడేసి పొద్దున్న తీస్తే బిగిసిపోద్ది. మా తాత జీవితమంతా అలాగే చేశాడు. చెక్కడాలు కొలతలు అన్నీ ఇప్పుడు ఫోనొచ్చాక వచ్చిన వేషాలు.

పాలకొల్లు_వడ్రంగం:

లంక బాబాయ్ గారూ, మీ తాతగారు ఏడాదికి ఎన్ని కామలు మార్చేవారో కూడా చెప్పండి మరి 😀 (నవ్వు బొమ్మ మావాడు పెట్టాడు.)

నానేస్తే బిగుస్తుంది, కాదన్ను. కానీ ఏమవుతుందంటే కర్ర ఉబ్బుతుంది, చుట్టూ ఇనుము, ఎటూ పోలేదు, కాబట్టి కర్ర పోగు లోపలికి నలిగిపోతుంది. మళ్ళీ ఎండాక ముందుకంటే సన్నమైపోతుంది. ఈసారి ఇంకా లూజు. మళ్ళీ నానేస్తావు. అలా నాలుగుసార్లు అయ్యేసరికి బెజ్జంలో కర్ర నలిగి పీచైపోద్ది, పైగా లోపల తుప్పు. అర్జంటుగా ఒక పూట పని గడవాలంటే చేసుకో, అదే వైద్యం అనుకుంటే మాత్రం తల ఎగిరేది ఆ గొడ్డలికే.

మన డెల్టాలో అసలు తంటా ఏంటంటే శ్రావణ భాద్రపదాల్లో గాల్లో నీళ్ళే, తలుపులు కూడా పట్టేస్తాయి. అప్పుడు బిగించిన కామ బ్రహ్మాండంగా ఉన్నట్టుంటుంది, వైశాఖం వడగాడ్పులకి ఎండి వదులైపోద్ది. కాబట్టి కామ వెయ్యాల్సింది ఎండాకాలంలో, కర్ర బాగా ఎండి సన్నబడి ఉన్నప్పుడు. వానాకాలంలో అదే ఉబ్బి ఇంకా బిగుస్తుంది. నీకు ఇప్పుడే మంచి టైము, వానలు పట్టకముందే కానిచ్చెయ్.

కర్ర ఎండిందో లేదో తెలియాలంటే వంటింట్లో తూకం మిషనుంటే వారానికోసారి తూచి రాసుకో, రెండు మూడు వారాలు బరువు తగ్గకుండా ఒకేలా ఉందంటే ఎండినట్టే. అటకమీద ముక్కకి ఇది అక్కర్లేదులే, పచ్చికర్ర తెచ్చుకునేవాళ్ళకి చెప్తన్నా. పచ్చికర్ర అయితే రెండు కొసలకీ రంగో మైనమో పూసి నీడలో పెట్టాలి, కొసలనుంచే తడి తొందరగా పోయి పగుళ్ళు వస్తాయి.

ఇప్పుడు చెక్కడం. ముందు ఆ ముక్కని రంపంతో కొయ్యకు, చీల్చు. పొడుగు తుంచడానికి రంపం వాడుకో గానీ నిలువునా మాత్రం చీల్చాలి. బాడిస అంచు కొస మీద పెట్టి కర్రసుత్తితో కొడితే పోగు ఎటు పోతే అటే చీలుద్ది. రంపం పోగుని చూడదు, అడ్డంగా కోసుకుపోద్ది, అలా పోగు తెగిన చోటే రేపు కామ విరుగుద్ది. చీల్చినప్పుడు ముక్క మెలికగా వచ్చిందంటే దాన్ని పొయ్యిలో పెట్టి ఇంకోటి చూసుకో, మొహమాటం లేదు. తర్వాత కింద కొస తడి చేసి చూడు, వలయాల గీతలు కనిపిస్తాయి, తుమ్మకి అంత స్పష్టంగా ఉండవు గానీ కళ్ళు పెట్టి చూస్తే తెలుస్తాయి. ఆ గీతలు గొడ్డలి పదును ఎటు ఉంటే అటే ముందు నుంచి వెనక్కి ఉండేట్టు తలకి అమర్చుకో.

ముందు తల పట్టే కొస చెక్కు, చేతిపట్టు తర్వాత. అందరూ తిరగేసి చేస్తారు, అందమైన పట్టు చేసుకుని తల వంకరగా కూర్చుంటే ఏడుస్తారు. తల బెజ్జం లోపల కాటుకో దీపం మసో పూసి కర్రకొస దూర్చి చూడు, బయటికి తీస్తే ఎక్కడ రాసుకుందో అక్కడ నల్లగా ఉంటుంది, అక్కడ మాత్రమే ఆకురాయి పెట్టి రెండు రుద్దులు రుద్దు. మళ్ళీ దూర్చు. మళ్ళీ తియ్యి. నలభైసార్లు చెయ్యాల్సి రావచ్చు, చెయ్యి. తొందరపడి ఒకేసారి తీసేస్తే తిరిగి అతికించలేం.

పట్టుకి వచ్చేసరికి నాలుగు పలకల కర్రకి మూలలు తీస్తే ఎనిమిది పలకలు, వాటి మూలలు తీస్తే పదహారు, ఆ తర్వాత ఆకురాయితో గుడ్డు ఆకారానికి తెచ్చుకో. మధ్యలో గీత గీసి పెట్టుకో, అది చెరిపెయ్యకు. ఐదు నిమిషాలకోసారి ఆపి పట్టుకుని గాల్లో ఊపి చూడు. చేతికి ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ పెన్సిల్తో చుక్క పెట్టు. నేనైతే కొత్త కామతో ఒక పూట పని చేయించేవాణ్ణి, నున్నగా చెయ్యకముందే. చెయ్యి ఎక్కడ ఎర్రబడిందో అరచెయ్యి చూస్తే తెలిసిపోద్ది, అక్కడ తియ్యాలి.

నున్న చెయ్యడానికి గాజు పెంకు. అవును, పగిలిన గాజు ముక్క, కిటికీ అద్దానిది. నిలబెట్టి రెండు చేతుల్తో పట్టుకుని నీవైపు లాగితే ఉల్లిపొరలాంటి పొర వస్తుంది, ఉప్పుకాయితం కూడా అంత బాగా చెయ్యదు. చేతికి గుడ్డ కట్టుకో. ఆ తర్వాత 80 నెంబరు, 120 నెంబరు ఉప్పుకాయితం చాలు. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే కర్రమీద నూగు లేస్తుంది, ఆరాక మళ్ళీ 120తో లేపెయ్. మరీ పింగాణీలాగా చెయ్యకు, కాస్త గరుకుంటేనే పట్టు.

నర్సాపురం_లేసు:

అంకుల్ గారూ చిన్న డౌటు, మాలాంటోళ్ళ చేతులు చిన్నవి కదండీ. మా ఇంట్లో చిన్న గొడ్డలి ఎక్కువ వాడేది నేనే, కట్టెలకి. ఎంత సన్నం చెయ్యొచ్చు?

పాలకొల్లు_వడ్రంగం:

అమ్మా, అదే కొలత, నీ మధ్యవేలు నీ కండకి అందాలి. అడ్డంగా అంగుళం, మందం ముప్పావు వరకు రావచ్చు. తుమ్మ చేవైతే అంత సన్నానికీ విరగదు. తల బరువు కూడా చూసుకో, అరకేజీ దాటితే నీకు మణికట్టు లాగుద్ది.

అట్లాంటా_భీమవరం:

మాది భీమవరం, ఇప్పుడు అమెరికాలో. ఇక్కడ గొడ్డలి కామంటే హికరీ అనే కర్ర, మన తడలాగే ఊగుతుందేమో అనిపించింది ఏజెన్సీ అన్న చెప్పింది చదివాక. ఇక్కడ కూడా షాపు కామలు లావుగా, వార్నిష్‌తోనే వస్తాయి, కొన్నవాళ్ళు ముందు చేసే పని ఆ వార్నిష్ గీకెయ్యడం.

పైన ఏం రాయాలి అన్నదానికి నేను చెప్తా. అవిసె నూనె. అవిసె చెట్టు నూనె కాదు, అవిసె గింజలది, పెయింటు షాపులో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ అని అడిగితే ఇస్తారు. ఆ నూనె ఆరేది నీళ్ళు ఆరినట్టు కాదు, గాలి తగిలి గట్టిపడుతుంది, కర్ర లోపల పొరలా నిలిచిపోతుంది. కొబ్బరినూనె అలా గట్టిపడదు, ఎన్నాళ్ళున్నా జిడ్డుగానే ఉంటుంది, మన ఇళ్ళల్లో చేతికందేది అదే కాబట్టి అందరూ అదే రాస్తారు. ఆముదమూ అంతే. అవిసె నూనె పల్చగా గుడ్డతో రాయి, అరగంట ఆగి మిగిలింది తుడిచెయ్, రెండు రోజులు ఆరనివ్వు, మళ్ళీ రాయి. మూడు నాలుగు కోట్లు. చిక్కగా రాస్తే బంకబంకగా అయిపోద్ది.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. తుడిచిన గుడ్డ ఉండచుట్టి మూల పడెయ్యొద్దు. ఆ నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలా ఉంటే ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. నేను నమ్మలేదు మొదట్లో. ఒకసారి మర్చిపోయి బకెట్లో పడేసి భోంచేసి వచ్చి ముట్టుకుంటే ఇస్త్రీ చేసిన చొక్కాలా వేడిగా ఉంది, గుండె జారిపోయింది. విప్పి తీగమీద ఆరెయ్యి, లేదా నీళ్ళలో ముంచి పెట్టు. కొబ్బరి పీచు, డొక్కలు ఉన్న చోట అసలొద్దు.

అటకమీద_పిల్లి:

ట్యూబు ఐడియా వెనక్కి తీసుకుంటున్నా.

కొత్తపేట_కుర్రోడు:

అందరికీ అప్‌డేట్. మూడు వారాలైంది.

తుమ్మ ముక్క చీల్చా. మొదటి దెబ్బకే రెండు ముక్కలు, ఒకటి తిన్నగా వచ్చింది, ఇంకోటి మెలిక. లోపల ఎర్రగా, పచ్చి మాంసం రంగులో ఉందండి, ఇన్నేళ్ళు ఎండిన కర్రలా లేదు, గాలి తగిలాక రెండ్రోజుల్లో గోధుమరంగుకి తిరిగింది. బాడిస జారి ఒకసారి మోకాలిమీద చిన్నగా తగిలింది, లుంగీ చిరిగింది అంతే, అప్పట్నుంచి ప్యాంటు వేసుకుని కూర్చున్నా.

ఇప్పుడు తప్పు. వడ్రంగం బాబాయ్ గారు నలభైసార్లు అన్నారు, నేను పదిహేనుసార్లకి విసుగొచ్చి ఆకురాయి గట్టిగా పట్టించేశా, అదీ ఒకే పక్క. నేను కుడిచేతివాటం కదా, కుడిపక్కే ఎక్కువ తీస్తున్నానని తెలీలేదు. తల దూర్చి పదును పైకి పెట్టి ఒక కన్ను మూసి చూస్తే తల ఎడమకి వాలిపోయి ఉంది. రెండ్రోజులు దాని మొహం చూడలేదు. తర్వాత ఆలోచిస్తే కామ ఇంకా పొడుగు ఉంది కదా, పైన అంగుళం కోసేసి కిందకి మళ్ళీ కొత్తగా చెక్కుకోవచ్చని తట్టింది. అలాగే చేశా, ఈసారి నిజంగానే నలభై దాటింది. అమ్మ కాటుకడబ్బా ఖాళీ. కొత్తది కొనిచ్చా.

తల ఎక్కించడం చూసి మా ఇంట్లో అందరూ నవ్వారు. నాన్న చూపించాడు, కామని నిలువుగా గాల్లో పట్టుకుని, తల కిందకి వేలాడుతూ ఉంటే, పైకి ఉన్న కింద కొసమీద కర్రసుత్తితో కొట్టడం. తలని కొట్టట్లేదు, అయినా ఒక్కో దెబ్బకి తల దానంతటదే కామమీదకి పాక్కుంటూ వస్తుంది! నేను సుత్తితో తలమీదే బాదుదామనుకున్నా. కొస పావంగుళం బయటికి వచ్చేదాకా కొట్టి, ముందే పెట్టిన రంపపు గాటులో సన్నటి చెక్క చీల దింపా. చీల కూడా తుమ్మదే, మెలిక ముక్కలోంచి.

పట్టు ఇప్పుడు అంగుళం పావుకి కాస్త తక్కువ, మందం ముప్పావు పైన. ఒక పూట పనిచేసి అరచెయ్యి చూసుకుంటే చూపుడువేలు కింద ఎర్రగా ఉంది, అక్కడ కామమీద చూస్తే పలక మూల పూర్తిగా పోలేదు. గాజు పెంకుతో నాలుగు లాగుళ్ళు, అంతే, పోయింది. అవిసె నూనె మూడు కోట్లు. గుడ్డ తీగమీదే ఆరేశానండి అట్లాంటా అన్నా.

నిన్న గంటంపావు మట్టలు కొట్టా. బొబ్బ లేదు. దెబ్బ తిన్నగా దిగుతోంది, చిటికెనవేలు ఆ మడమకి ఆనుకుంటే పిడికిలి వదులుగా పట్టుకున్నా సరిపోతోంది. ఒక్కటే, తల కింద సన్నం చెయ్యమన్నచోట భయపడి తక్కువ చేశా, అదురు ఇంకా కొంచెం తెలుస్తోంది. తియ్యనా ఉంచనా?

పాలకొల్లు_వడ్రంగం:

తియ్యి. రోజుకి పది లాగుళ్ళు, గాజుతోనే, ఆకురాయి వద్దు. మర్నాడు పని చేసి చూడు. నాలుగైదు రోజుల్లో నీకే తెలుస్తుంది ఇక చాలని.

పావంగుళం బయట వదిలావు చూడు, అది మంచి పని. చాలామంది తలకి సమానంగా కోసేస్తారు అందం కోసం. వదిలితే చీల దిగాక పైన పువ్వులా విచ్చుకుని తలని పోనివ్వదు.

లంక_బాబాయ్:

చెక్క చీల ఒక్కటే వేశావా? ఇనప చీల కూడా అడ్డంగా ఒకటి దింపు, లేకపోతే మళ్ళీ రోహిణికి నా కాలవే గతి.

పాలకొల్లు_వడ్రంగం:

ఇప్పుడే వద్దు. ఇనప చీల దింపితే కర్ర చీలుద్ది, మళ్ళీ కామ తియ్యాలన్నా చావు. వచ్చే వేసవిలో కదిలితే అప్పుడు చూద్దాం.

లంక_బాబాయ్:

మా ఇంట్లో గొడ్డలికి ఇనప చీలే ఉంది, పదేళ్ళయింది, కదల్లేదు. ఫోటో పెడతా ఆగండి.

ఏజెన్సీ_గాలి:

ఆ మెలిక ముక్క మిగిలింది పారెయ్యకు, కత్తి పిడికి పనికొస్తది.

కొత్తపేట_కుర్రోడు:

సరే అన్నా. అన్నట్టు మా నాన్న గొడ్డలి చూసి పార కామ కూడా చెయ్యమంటున్నాడు. దానికీ ఇదే పద్ధతేనా బాబాయ్ గారూ?

పాలకొల్లు_వడ్రంగం:

కాదు, పారకి కామ పైనుంచి దూరుస్తారు, లావుకొస పైన ఉండి తనంతటదే బిగుస్తుంది, చీల ఉండదు. నిలబడి రెండు చేతులు మార్చి పట్టుకునేది కాబట్టి దానికి గుండ్రమే మంచిది. కొత్త పోస్టు పెట్టు, మావాడు ఆదివారం ఇంట్లోనే ఉంటాడు.